కదిలినా మారనిది

విశాఖపట్నం రేవులో క్రేను పనిచేస్తుండగా ఎప్పుడైనా చూశారా? 1933లో మొదలైన ఈ రేవులో లోపలి రేవు, బయటి రేవు అనే భాగాలున్నాయి. బయటి రేవులో కంటెయినర్లు దింపే పెద్ద క్రేనులున్నాయి. కంటెయినరంటే సరుకు నింపిన ఇనప్పెట్టె. అందులో ఒక మామూలు రకం పెట్టె 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటుంది. క్రేను దాన్ని ఓడ మీదనుంచి పైకెత్తి, ఒడ్డు వైపు జరిపి, లారీ మీద దింపుతుంది. లారీ మలుపు తిరిగితే పెట్టె కూడా తిరుగుతుంది. చివరకు ఎక్కడో మరో పెట్టె నెత్తిన కూర్చుంటుంది. ఇంత ప్రయాణం చేసినా దాని పొడవు 20 అడుగులే, మూలలు లంబకోణాలే. ఓడలో 20 అడుగులున్నది ఒడ్డుకు వచ్చేసరికి 19 అడుగులైతే సరుకు గల ఆసామి ఊరుకుంటాడా!

ఇప్పుడు గాజువాక దాటి ఉక్కు కర్మాగారానికి వెళదాం. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన కర్మాగారమది. అక్కడ ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె రోలర్ల మధ్యనుంచి పరుగులు తీస్తుంది. బయలుదేరినప్పుడు దాని అడ్డుకోత ఒక్కో వైపు 125 మిల్లీమీటర్లున్న చతురస్రం. తీగ చుట్టలు చేసే మిల్లులో నుంచి బయటికి వచ్చేసరికి 5.5 మిల్లీమీటర్ల మందం గల తీగ కూడా కావచ్చు. అంటే ఒక మీటరు దిమ్మె 650 మీటర్లకు పైగా సాగిందన్నమాట. (కావాలంటే చతురస్ర వైశాల్యాన్ని తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగించి చూడండి.) ఇది కూడా కదలికే. కాని ఈ కదలికలో వస్తువు ఆకారమే మారిపోయింది.

రేవులో చూసిన కదలిక వేరు, మిల్లులో చూసిన కదలిక వేరు. మొదటి రకాన్ని గణితంలో దృఢ చలనం అంటారు. బొమ్మలోని దూరాలు, కోణాలు ఏవీ మారకుండా బొమ్మ మొత్తం చోటు మారడమే దృఢ చలనం. కాగితం మీది బొమ్మలకు ఇది మూడు రకాలుగా జరుగుతుంది. బొమ్మను ఒక దిక్కుగా జరపవచ్చు. ఒక బిందువు దగ్గర గుచ్చి పట్టుకుని తిప్పవచ్చు. లేదా ఒక గీత వెంట పుస్తకంలో పేజీలా బోర్లించవచ్చు. పాఠాల్లో వీటికి స్థానాంతరణం, భ్రమణం, పరావర్తనం అని బరువైన పేర్లున్నాయి. మనకు జరపడం, తిప్పడం, బోర్లించడం చాలు.

చిన్న తరగతుల్లో సర్వసమాన త్రిభుజాలను ఎలా చూపించారో గుర్తు తెచ్చుకోండి. అట్టముక్కలో ఒక త్రిభుజాన్ని కత్తిరించి, రెండోదాని మీద పెట్టి, అంచులు కలిశాయా లేదా అని చూశారు. అది చక్కని పని. హైస్కూలుకు వచ్చేసరికి కత్తెర మాయమైపోతుంది. దాని స్థానంలో భు.కో.భు., కో.భు.కో., భు.భు.భు. అనే పొడి అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. చాలామంది వాటిని ఎక్కాల్లా అప్పజెబుతారు. కాని ఒక ప్రశ్న అడిగితే నోరు మెదపరు. త్రిభుజానికి మూడు భుజాలు, మూడు కోణాలు, మొత్తం ఆరు కొలతలున్నాయి గదా! మూడు మాత్రం చూసి, మిగిలిన మూడూ సమానమేనని ఏ ధైర్యంతో చెబుతున్నాం? పోనీ ఏ మూడైనా ఫరవాలేదా? అయితే భు.భు.కో. అనే నియమం ఎందుకు లేదు?

మాయమైన కత్తెరను వెనక్కి తెచ్చుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

కగచ అని ఒక త్రిభుజం గీయండి. కొంచెం దూరంలో తపమ అని ఇంకొకటి గీయండి. కగ పొడవు తప పొడవుకు సమానం. కచ పొడవు తమ పొడవుకు సమానం. క దగ్గరి కోణం త దగ్గరి కోణానికి సమానం. మనకు తెలిసింది ఇంతే. గచ, పమ భుజాల మాట తెలియదు. మిగిలిన కోణాల మాటా తెలియదు.

మొదట కగచ త్రిభుజాన్ని జరిపి క శీర్షాన్ని త మీదికి తీసుకురండి. ఇప్పుడు త దగ్గర గుచ్చి పట్టుకుని, కగ భుజం తప భుజం వెంట పడేలా తిప్పండి. రెండింటి పొడవూ ఒకటే కనుక గ సరిగ్గా ప మీద పడి తీరాలి. ఇక చ ఎక్కడుంది? తప గీతకు మ ఉన్న వైపే ఉండవచ్చు, అవతలి వైపైనా ఉండవచ్చు. అవతల ఉంటే తప గీత వెంట బోర్లించండి. ఇప్పుడు రెండూ ఒకే వైపుకు వచ్చాయి. కోణాలు సమానం కనుక కచ గీత తమ గీత వెంటే పోవాలి. పొడవులు సమానం కనుక చ పోయి మ మీదే ఆగాలి.

గ, ప మీద ఉంది. చ, మ మీద ఉంది. రెండు బిందువులను కలిపే సరళరేఖ ఒక్కటే గదా! కాబట్టి గచ భుజానికి వేరే దారి లేదు, పమ మీద పడవలసిందే. త్రిభుజం మొత్తం త్రిభుజాన్ని కప్పేసింది. కొలవకుండా వదిలేసిన మూడింటినీ మనం కొలవనే లేదు, అవి వాటంతటవే సరిపోయాయి. ఇదే భు.కో.భు.

ఇందులో మూడు కొలతలూ ఎక్కడెక్కడ పనిచేశాయో చూశారా? మొదటి భుజం గ ను ఆపింది. కోణం దారి చూపింది. రెండో భుజం చ ను ఆపింది. ఒక్కటి తీసేసినా బిందువు ఎక్కడో జారిపోతుంది.

బోర్లించడం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. జరపడం, తిప్పడం బల్ల మీదనుంచి కాగితం ఎత్తకుండానే చేయవచ్చు. బోర్లించాలంటే మాత్రం ఎత్తాలి. ఈ తేడా ఓడలు కట్టేవారికి బాగా తెలుసు. విశాఖలో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన 'జల ఉష' అనే ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలారు. ఆ కర్మాగారమే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. ఓడ ఎడమ సగం, కుడి సగం అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. అందుకని ఓడ ఆకారం చూపే నక్షాల్లో చాలావరకు ఒక సగమే గీస్తారు. రెండో సగం దాన్ని బోర్లిస్తే వస్తుంది. చదునైన రేకు ఒకటి ఎడమ పక్కకు కత్తిరించారనుకోండి. దాన్ని బోర్లిస్తే కుడి పక్కకు సరిపోతుంది. కాని ఓడ ముక్కు దగ్గర వంపు తిరిగిన రేకు సంగతి అలా కాదు. ఎడమ కాలి చెప్పును ఎలా తిప్పినా కుడి కాలికి సరిపోదు గదా, ఇదీ అంతే. కుడి పక్కకు అదే కొలతలతో ఎదురు వంపు తిప్పిన వేరే రేకు కావాలి. మన త్రిభుజాలు చదునైనవి కాబట్టి ఈ బాధ లేదు.

కో.భు.కో. కి ఎక్కువ సేపు పట్టదు. సమానమైన భుజాన్ని సమానమైన భుజం మీద పెట్టండి. రెండు శీర్షాలూ ఒకే వైపు లేకపోతే బోర్లించండి. రెండు చివర్లనుంచి బయలుదేరే గీతలు సమాన కోణాల వల్ల ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రెండు గీతలు కలుసుకునే చోటు ఒక్కటే. మూడో శీర్షం అదే.

దీని మీద నమ్మకంతోనే ఒక దేశాన్ని కొలిచారు. పందొమ్మిదో శతాబ్దంలో గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే వారు భారతదేశమంతా త్రిభుజాల వల పరిచారు. కొన్ని చోట్ల మాత్రం నేల మీద ఒక సరళరేఖను అతి జాగ్రత్తగా కొలిచేవారు. దాన్ని ఆధార రేఖ అంటారు. అలాంటి రేఖల్లో ఒకదాన్ని 1862లో మన ప్రాంతంలోనే కొలిచారు. సర్వే పుస్తకాల్లో దాని పేరే విశాఖపట్నం ఆధార రేఖ. ఎండకు లోహం సాగితే కొలత చెడుతుంది గనుక ఇత్తడి, ఇనుప పట్టీలను జతగా బిగించిన ప్రత్యేకమైన కొలబద్దలు వాడారు. రేఖ రెండు చివర్లనుంచీ దూరాన కొండ మీది గుర్తును థియోడొలైటుతో చూసి కోణాలు తీసుకుంటే సరి. ఒక భుజం, దాని రెండు చివర్ల కోణాలు తెలిశాయి. ఇక ఆ కొండ ఎక్కడున్నదీ నిర్ణయమైపోయింది. గొలుసు పట్టుకుని కొండ ఎక్కనక్కరలేదు. లెక్క కట్టిన కొత్త భుజమే పక్క త్రిభుజానికి ఆధార రేఖ అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, భు.భు.కో. కి వద్దాం. క దగ్గర 30 డిగ్రీల కోణం గీయండి. దాని ఒక భుజం మీద క నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో గ గుర్తించండి. గచ 6 సెంటీమీటర్లుండాలి. చ మాత్రం కోణం రెండో భుజం మీద ఎక్కడో ఉంది. ఎక్కడ? గ దగ్గర గుండుసూది గుచ్చి, 6 సెంటీమీటర్ల దారం కట్టి, కొసను చాపం తిప్పండి. అది ఆ గీతను ఒక చోట కాదు, రెండు చోట్ల తాకుతుంది! ఒకటి క నుంచి సుమారు 5.3 సెంటీమీటర్ల దూరంలో, రెండోది సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో. కొలతలు మూడూ అవే. త్రిభుజాలు మాత్రం రెండు. మనం జరిపి, తిప్పి, బోర్లించినా ఒకటి రెండోదాన్ని కప్పదు. ఇవే కొలతలు అడుగుల్లో రాసి, ఉక్కు రేకు కత్తిరించమని ఎవరికైనా చీటీ పంపారనుకోండి. వాళ్లు ఏది కత్తిరించినా తప్పు వాళ్లది కాదు, చీటీ రాసినవారిదే.

దారం పొడవు మార్చి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. గ నుంచి ఆ గీతకు లంబదూరం సరిగ్గా 5 సెంటీమీటర్లు. దారం 4 సెంటీమీటర్లైతే గీతను అందుకోనే అందుకోదు, త్రిభుజమే లేదు. 5 అయితే ఒకే చోట, లంబంగా తాకుతుంది. 10 కి మించితే రెండు తాకుళ్లలో ఒకటి క వెనకకు పోతుంది, అది మన కోణంలోది కాదు. కాబట్టి మళ్లీ ఒక్కటే మిగులుతుంది. కోణం లంబకోణమైతే దాని ఎదుటి భుజం కర్ణం. కర్ణం ఎప్పుడూ పెద్దదే కనుక అక్కడ ఈ గందరగోళం రాదు. అందుకే లం.క.భు. అనే నియమం నిలిచింది. మూడు కోణాలే ఇస్తే ఏమౌతుందో చెప్పనక్కరలేదు. నక్షా మీది త్రిభుజానికీ, దాన్ని చూసి కట్టిన ఇంటి కప్పు త్రిభుజానికీ కోణాలు ఒకటే, పరిమాణం ఒకటి కాదు.

భు.భు.భు. నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఇందులో ఒక్క కోణమూ తెలియదు. అయినా ఏమీ జారదు. కగ భుజాన్ని తప మీద పెట్టండి. ఈసారి చ, మ లు కావాలనే గీతకు చెరో వైపు ఉండేలా పెట్టండి. గాలిపటం లాంటి బొమ్మ వచ్చింది గదా? త నుంచి చ కు ఎంత దూరమో మ కు అంతే దూరం. ప నుంచీ అంతే. రెండు బిందువులకు సమాన దూరంలో ఉన్నవన్నీ వాటి లంబ సమద్విఖండన రేఖ మీదే ఉంటాయి. కాబట్టి తప గీతే చమ కు లంబ సమద్విఖండన రేఖ. దాని వెంట కాగితం మడిస్తే చ పోయి మ మీద పడుతుంది. పని అయిపోయింది.

'సమాన దూరంలో ఉన్న బిందువు ఆ రేఖ మీదే ఎందుకుండాలి?' అని మీలో ఎవరైనా అడిగితే శభాష్. రేఖకు చ వైపు ఒక బిందువు ఉందనుకోండి. అక్కడినుంచి మ కు వెళ్లాలంటే రేఖను దాటాలి. దాటే చోటునుంచి మ ఎంత దూరమో, మడత వల్ల చ కూడా అంతే దూరం. కాబట్టి మ కు వెళ్లడమంటే దాటే చోటుదాకా వెళ్లి, అక్కడినుంచి వంకరగా చ కు రావడమంత దూరమన్నమాట. తిన్నగా చ కు పోవడం అంతకంటె దగ్గర. అంటే ఆ బిందువుకు రెండు దూరాలూ సమానం కావు.

ఈ నియమాన్ని చేత్తో తాకి చూడవచ్చు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లల కొసలు దూర్చి ఒక త్రిభుజం, ఒక చతురస్రం చేయండి. చతురస్రాన్ని మూల పట్టి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. నాలుగు భుజాలు ఆకారాన్ని నిర్ణయించలేవు. త్రిభుజం మాత్రం పుల్ల విరిగేదాకా కదలదు. ఇనుప వంతెనలకు, టవర్లకు కమ్మీలు అడ్డంగా, ఐమూలగా వేసి త్రిభుజాలు చేయడం వెనక ఉన్నది భు.భు.భు. నియమమే.

ఇంతకీ ఈ జరిపే పద్ధతి కొత్తదేమీ కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 300 ప్రాంతంలో యూక్లిడ్ తన మొదటి గ్రంథం నాలుగో సిద్ధాంతాన్ని ఒక త్రిభుజాన్ని ఇంకొక దాని మీద 'పెట్టి' నిరూపించాడు. భు.కో.భు. అదే. కాని ఆ పద్ధతిని ఆయన చాలా పొదుపుగా వాడాడు. ఆయన రాసుకున్న స్వయంసిద్ధ సత్యాల్లో 'బొమ్మను కదిపితే మారదు' అనే మాటే లేదు మరి! తర్వాతివారు దీన్ని పట్టుకున్నారు. బెర్ట్రాండ్ రసెల్ 1903లో అచ్చయిన తన గ్రంథంలో ఈ పద్ధతిని తప్పుపట్టాడు. కదిపినా త్రిభుజం మారదు అన్నప్పుడే సర్వసమానత్వాన్ని దొడ్డిదారిన ఒప్పుకున్నట్టు అయిందని ఆయన వాదన సారాంశం. డేవిడ్ హిల్బర్ట్ 1899లోనే ఇంకో దారి పట్టాడు. భు.కో.భు. లోని ముఖ్య భాగాన్ని నిరూపణ అడగకుండా స్వీకృతంగానే తీసుకున్నాడు. చాలా పాఠ్యపుస్తకాలు భు.కో.భు. ను నిరూపించకుండా వదిలేయడం ఈ దారినే. ఫెలిక్స్ క్లెయిన్ అంతకుముందే, 1872లో, చలనాలనే పునాదిగా చేసుకోమన్నాడు. ఏ చలనాల కింద ఏవి మారకుండా ఉంటాయో పరిశీలించడమే రేఖాగణితమన్నాడు. 2010లో అమెరికాలో తయారై చాలా రాష్ట్రాలు చేపట్టిన పాఠశాల గణిత ప్రమాణాల్లో సర్వసమానత్వాన్ని దృఢ చలనాలతోనే నిర్వచించారు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? రెండూ ఒప్పే. పెట్టుబడి లేనిదే వ్యాపారం లేదు. చలనాలు కొలతలను మార్చవని మొదట ఒప్పుకుంటే భు.కో.భు. సిద్ధాంతంగా వస్తుంది. భు.కో.భు. ను మొదట ఒప్పుకుంటే చలనాలు తర్వాత వస్తాయి. కాని నేర్చుకునేవారికి మొదటి దారే మంచిదని నా అభిప్రాయం. అందులో భు.భు.కో. ఎందుకు కూలిపోతుందో కంటికి కనిపిస్తుంది. బట్టీ పట్టినవాడికి అది ఏనాటికీ కనిపించదు.

చివరగా ఒక పని. గాలిపటాల కాగితం లాంటి పల్చటి కాగితం మీద సర్వసమానమైన కగచ, తపమ త్రిభుజాలను మీ ఇష్టం వచ్చిన చోట గీయండి. ఇక జరపడం, తిప్పడం నిషేధం. మడతలే వేయాలి. క పోయి త మీద పడేలా మొదటి మడత వేయండి. కాగితం వెనకనుంచి కనిపిస్తున్న త్రిభుజాన్ని నకలు తీసి, మడత విప్పండి. ఇప్పుడు త దగ్గర ఒక కొత్త త్రిభుజం తయారైంది. దాని గ శీర్షం ప మీద పడేలా రెండో మడత వేసి, మళ్లీ నకలు తీయండి. వచ్చిన త్రిభుజం తపమ మీద సరిగ్గా పడకపోతే తప గీత వెంట మూడో మడత వేయండి. ఎంత దూరంలో గీసినా, ఎంత వంకరగా గీసినా మూడు మడతలకు మించి అక్కరలేదు. జరపడం కూడా నిజానికి రెండు మడతలే, ఆ రెండు మడత గీతలూ సమాంతరంగా ఉంటాయి. తిప్పడమూ రెండు మడతలే, ఆ గీతలు ఖండించుకుంటాయి. మీ త్రిభుజాలు రెండూ ఒకే చేతివాటం గలవైతే రెండు మడతలతో సరిపోతుంది. ఒకటి ఎడమ చెప్పు, ఒకటి కుడి చెప్పు అయితే మూడు కావాలి, అదృష్టం బాగుంటే ఒకటే చాలు.

ఈ పని చేస్తున్నప్పుడు రెండో మడత గీత ప్రతిసారీ త గుండానే పోవడం గమనిస్తారు. అలా ఎందుకు పోతుందో చెప్పడానికి కావలసిన సంగతి పైన భు.భు.భు. దగ్గర ఉంది.